పెంకులో తెల్లచార

“పెంకు” అన్నారు మా ఆయన.

ఆమ్లెట్ నములుతున్నవారు ఆగిపోయి, నోట్లోంచి వేలికొనతో ఏదో తీసి పళ్లెం అంచున పెట్టారు. ఆవగింజంత కూడా లేదు. ఇరవై రెండేళ్లుగా కోడిగుడ్డు పెంకు మీదే పరిశోధన చేస్తున్న మనిషి, ఆ పెంకు పుణ్యమా అని ప్రొఫెసర్ అయిన మనిషి, తీరా అది పంటికింద పడేసరికి నేనేదో కావాలని కలిపినట్టు చూశారు. నాకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే మాటా మాటా పెరుగుతుందని స్టవ్ వైపు తిరిగాను. “రోజూ చేసే పనే కదా, కాస్త చూసుకోవచ్చుగా” అన్నారు వెనకనుంచి.

రోజూ చేసే పనే. అందుకే ఎవరి కంటికీ ఆనదు. ఆ పొద్దున అప్పటికే అత్తయ్య కుడిచేతి కట్టు తడవకుండా ప్లాస్టిక్ సంచి చుట్టి స్నానం చేయించాను, జుట్టు దువ్వాను, ముద్దలు చేసి తినిపించాను, ఈయన చొక్కా ఇస్త్రీ చేశాను. అత్తయ్య జారి పడలేదు, దేన్నీ గుద్దుకోలేదు. బిగుసుకున్న తలుపు గడియ గట్టిగా లాగితే మణికట్టు విరిగింది, అంతే. ఎముకలు గుల్లబారిపోయాయన్నాడు డాక్టరు. “ఈవిడ చాలా ఏళ్లు సరిగ్గా తిన్నట్టు లేదే” అని మా ఆయన వంక చూశాడు. మా ఆయన నా వంక చూశారు. నేను ఈ ఇంటికి రాకముందు ముప్పై ఏళ్లు ఆవిడ అందరూ తిన్నాక అడుగుబొడుగు తిన్న సంగతి ఏ ఎక్స్‌రేలో కనపడుతుంది?

“పదకొండింటికి ఎగ్జిబిషన్ ఆవిడ వస్తుంది. బొమ్మలన్నీ తీసి హాల్లో పెట్టు. టీ పెట్టు” అన్నారు చెయ్యి కడుక్కుంటూ.

“ఆవిడకి నేనేమైనా చెప్పాలా?”

“నువ్వేం చెప్తావు? నేనుంటాగా.”

ఆ బొమ్మలు వేసింది నేను.

పెళ్లికి ముందు బొమ్మల కోర్సు చదివి, ఏడాదిపాటు ఒక బళ్లో డ్రాయింగ్ టీచర్‌గా చేశాను. పెళ్లయిన కొత్తలో ఒక సాయంత్రం ఈయన తన వ్యాసానికి బొమ్మ కుదరక తల పట్టుకుని కూర్చుంటే జాలేసి నేనే వేసిచ్చాను. ప్రేమగానే వేసిచ్చాను, అబద్ధమెందుకు? అదే అలవాటైపోయింది. కాలేజీవాళ్లు పాత సామాన్లలో పడేసిన మైక్రోస్కోపు ఒకటి ఇంటికి వచ్చింది. దాన్ని పడగ్గది కిటికీ దగ్గర, కుట్టుమిషను బల్ల మీద పెట్టుకున్నాం. స్లైడ్లు ఆయన లంచ్ సంచిలో ఇంటికొచ్చేవి. పూర్తయిన బొమ్మ మర్నాడు అదే సంచిలో, క్యారియర్ పక్కన నిలబడి వెళ్లేది. నేను మటుకు ఆ ల్యాబ్ గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు.

ఆ పాత మైక్రోస్కోపుకి పక్కన చిన్న అద్దం బిగించి ఉంటుంది. గొట్టంలోంచి చూస్తే స్లైడూ, కింద కాగితం మీద పెన్సిల్ పట్టుకున్న నా చెయ్యీ రెండూ ఒకదానిమీద ఒకటి కనిపిస్తాయి. నూనె చింది కాలిన మచ్చలున్న నా వేళ్లు పెంకులో నడుస్తున్నట్టుంటుంది. గుడ్డుపెంకు అంటే పగలగొట్టి చెత్తబుట్టలో పారేసేదే అనుకుంటాం కదా. దాన్ని కాగితంకన్నా పల్చగా అరగదీసి, వెలుగును వడగట్టే రెండు పలకల మధ్య పెట్టి చూడండి. అడుగున వరసగా మొగ్గలు. ఒక్కో మొగ్గలోంచి ఒక్కో స్తంభం పైకి లేచి, పక్కదాన్ని ఒరుసుకుంటూ, ఒకటి గులాబీరంగు, ఒకటి లేతాకుపచ్చ, ఇంకోటి కంచు రంగు. స్లైడును కాస్త తిప్పితే వెలుగుతున్నది ఆరిపోతుంది, ఆరినది వెలుగుతుంది. అదంతా రాయి. సుద్దలో ఉండే సరుకే. కోడి దాన్ని ఒక్కరోజులో, ఇరవై గంటల్లో, ఎవరూ నేర్పకుండా కట్టుకుంటుంది. చీకటిపడ్డాక మేత తినదు కాబట్టి తక్కువపడ్డ సున్నాన్ని తన కాళ్ల ఎముకల్లోంచి తీసి పెడుతుంది. మొదటిసారి ఈ మాట మా ఆయన నోట విన్నప్పుడు ఇంకోసారి చెప్పమని అడిగాను.

ఫొటో తీయొచ్చు కదా అంటారు అందరూ. తీయొచ్చు. ఫొటోలో పైపొర తేటగా వస్తే కిందిది మసకబారుతుంది. నేను మైక్రోస్కోపు మర పైకీ కిందికీ తిప్పుతూ, ఎక్కడ ఏది తేటగా కనపడితే అది చూసి, అన్నీ కలిపి ఒకే బొమ్మలో పెడతాను. నల్లసిరాతో చుక్కలు. ఒక బొమ్మకి పదివేల చుక్కలన్నా పడతాయి. అన్నం కుక్కర్ మీద పెట్టి వచ్చి రెండు స్తంభాలు, విజిల్ రాగానే లేచి వెళ్లి, వచ్చి మరో స్తంభం. “కోడిగుడ్డు బొమ్మకి ఇంతసేపా? సున్నా చుడితే అయిపోదూ!” అనేవారు అత్తయ్య. వ్యాసాల చివర్న ఈయన అందరికీ కృతజ్ఞతలు చెప్తారు. నిధులిచ్చినవాళ్లకి, మేత కంపెనీకి, కరెంటువాళ్లకి. ఒకసారి సరదాకి ఫామ్‌లోని కోళ్లకి కూడా చెప్పారు. నేనక్కడ లేను. అడిగితే, “ఇంట్లోవాళ్లకి థాంక్స్ చెప్తే ఎబ్బెట్టుగా ఉండదూ? నువ్వు వేరూ నేను వేరా?” అన్నారు. ఆ ప్రశ్నకి జవాబేం చెప్పాలో నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఎగ్జిబిషన్ ఆవిడ చెప్పిన టైముకే వచ్చింది. పొట్టిగా, చురుగ్గా, మెడలో భూతద్దం వేలాడేసుకుని ఉంది. ప్రాణమున్నవి తమ ఒంట్లో తయారుచేసుకునే రాళ్ల మీద పెద్ద ప్రదర్శన పెడుతున్నారట. గవ్వలు, పగడాలు, పళ్లు, చేప చెవిలో ఉండే రాయి, గుడ్డుపెంకు. ప్రతిదానికీ పక్కన మైక్రోస్కోపూ, దాని పక్కన చేత్తో వేసిన బొమ్మా. “సైన్సు తెలిసినవాళ్లు బొమ్మ చూడాలి, బొమ్మలు చూసేవాళ్లు సైన్సు చూడాలి. ఒక గదిలోకి రప్పిస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు” అంది. నేను టీ ఇచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆవిడ పద్దెనిమిది బొమ్మలూ ఒక్కొక్కటీ భూతద్దంతో చూసింది. ఏడో నంబరు దగ్గర ఆగిపోయింది.

“ఈ స్తంభాల మొదట్లో చుక్కలు ఇలా విసనకర్రలా విచ్చుకున్నాయేం?”

మా ఆయన గొంతు సవరించుకున్నారు. “అది... స్టైల్ అండీ. బొమ్మ వేసే పద్ధతి.”

“కాదు” అన్నాను నేను. ఎలా అన్నానో నాకే తెలీదు. “అక్కడ రాయి నిజంగానే అలా పెరుగుతుందండీ. మొగ్గలోంచి అన్నివైపులకీ విచ్చుకుంటుంది. పక్కదాన్ని తగిలాక ఇక చోటు లేక పైకి లేస్తుంది. స్లైడు తిప్పితే ఆ విసనకర్ర మీద నీడ తిరగడం కనపడుతుంది.”

ఆవిడ నావైపు తిరిగింది. “మీరు వేశారా ఇవి?”

“ఆఁ, మా ఆవిడే” అన్నారు ఈయన, పెద్దమనసుతో. “ఇంట్లో ఖాళీగా ఉంటుంది కదా, కాలక్షేపానికి వేస్తుంటుంది.”

ఖాళీగా! చేతిలో ట్రే లేకపోతే ఏమయ్యేదో. ఆవిడ మాత్రం ఆయన మాట విననట్టే, “ఏడో నంబరు మేం గోడంత చేస్తాం. అడుగుపెట్టగానే ఎదురుగా అదే. కింద మీ పేరు పెద్ద అక్షరాల్లో. మీ పూర్తి పేరు రాసి పంపండి, పది రోజుల్లో అసలు బొమ్మ తీసుకెళ్తాం” అంది.

గోడంత. నా పేరు. ఆవిడ వెళ్లాక గిన్నెలు తోముతుంటే నా పేరు నాకే వినిపించింది, ఎవరో దూరంనుంచి పిలుస్తున్నట్టు. ఎంత సంతోషమేసిందంటే ఒక కప్పు రెండుసార్లు తోమాను. మూడో కప్పు దగ్గర చేతులాగిపోయాయి. ఆవిడ ఏడో నంబరునే ఎందుకు తీసుకుంది? పదిహేడు బొమ్మలున్నాయి ఇంకా. అన్నీ నిజమైన బొమ్మలు. ఏడోది ఒక్కటే అబద్ధం.

పదకొండేళ్ల కిందట ఒక పెట్టెలో పద్నాలుగు స్లైడ్లు వచ్చాయి, ఒకే రోజు పెట్టిన పద్నాలుగు గుడ్లవి. వాటిలో ఒకటి వేసిమ్మన్నారు. వేశాను. స్తంభాలకి అడ్డంగా, సన్నగా, పాలమీగడ రంగులో ఒక చార ఉంది. ఉన్నది ఉన్నట్టు వేశాను. ఈయన చూసి, “ఈ గీతేంటి? అరగదీసేటప్పుడు పడ్డ గీరుడు అది. తీసెయ్” అన్నారు. నేను మళ్లీ చూశాను. గీరుడైతే తిన్నగా పోవాలి. పెంకు దాటి, దాన్ని స్లైడుకి అంటించిన జిగురులోకి కూడా పోవాలి. ఇది పెంకు వంపుతోపాటు వంగుతోంది, పెంకు అంచు దగ్గర ఆగిపోతోంది. ఆ మాట అన్నాను కూడా. “నువ్వు బొమ్మ సంగతి చూడు, సైన్సు సంగతి నాకొదిలెయ్. ఇది చూస్తే వ్యాసం వేసే పత్రికవాళ్లు లక్ష ప్రశ్నలు వేస్తారు” అన్నారు. బ్లేడుతో ఆ చారని చుక్క చుక్కా గీకి, చెరిగినచోట స్తంభాలు నున్నగా కలిపేశాను. ఎంత బాగా కలిపానంటే ఎవరూ కనిపెట్టలేరు. కాగితాన్ని వెలుతురుకి పట్టుకుంటే మాత్రం అక్కడ పల్చబడి ఉంటుంది. ఫొటో అయితే మసకగానైనా చార మిగిలేది. చెయ్యి కాబట్టే, నా చెయ్యి కాబట్టే పోయింది.

ఇప్పుడు జీవితంలో మొదటిసారి నా పేరు పడబోయేది ఆ బొమ్మ కింద.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చినప్పుడు చెప్పాను. ఏడో నంబరు ఇవ్వను, చారతో మళ్లీ వేసిస్తాను అని. ఆయన ముందు నవ్వారు. తర్వాత నవ్వలేదు.

“పదకొండేళ్ల కిందటి పేపర్. ఇప్పుడు గోడమీద ఇంకో రకంగా బొమ్మ పెడితే, మరి అచ్చులో ఉన్నదేంటని అడగరూ? నా పరువేం కావాలి?”

“అడిగితే చెప్దాం.”

“కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే! వెంట్రుకంత గీత, ఎవడు చూస్తాడు? నీ పేరు పడుతోంది కదా, ఇంకేం కావాలి నీకు?”

నాకేం కావాలో ఆయన అడగడం అదే మొదటిసారి అనుకుంటా, తిట్టుగానైనా. నా పేరు కావాలి. కానీ నా కళ్లు చూసిందాన్ని చెరిపేసిన చోట వద్దు. ఆ రెండు ముక్కలూ పైకి అనేలోగా ఆయన చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు.

అత్తయ్య మంచం మీంచి అంతా విన్నారు. సాయంత్రం ఆవిడ కాళ్లకి నూనె రాస్తుంటే, “ఏంటమ్మాయ్ ఆ గీత గోల?” అని అడిగారు. చెప్పాను. కోడి పెంకు కట్టడం, దానికోసం ఎముకలు కరిగించుకోవడం, ఆ ఒక్క గుడ్డులో మాత్రం కడుతూ కడుతూ ఎక్కడో ఆగినట్టు చార ఉండటం. ఆవిడ ఎడంచేత్తో కట్టు మీద నెమ్మదిగా రాసుకున్నారు.

“ఆ కోడే నయం. ఓ పూట ఆగింది. నాకామాత్రం తోచలేదు” అన్నారు. “రేపు ఆ కాలేజీకి వెళ్లి చూసుకో. నాకు ఎడంచెయ్యి ఉందిగా, స్పూను ఇచ్చి పో” అన్నారు. ముప్పై ఏళ్లు ఆ వంటింట్లో నిలబడ్డ మనిషి నన్ను బయటికి పొమ్మంది. నాకు కళ్లు చెమర్చాయి. చూస్తే వెక్కిరిస్తారని నూనెగిన్నె తీసుకుని లేచాను.

మర్నాడు పొద్దున ఆయన కంటే ముందే బయల్దేరి కాలేజీకి వెళ్లాను. గేటు లోపల హాజరు మెషీను ముందు ఒకావిడ నిలబడి బొటనవేలు నొక్కుతోంది, తీస్తోంది, కొంగుతో తుడిచి మళ్లీ నొక్కుతోంది. మెషీను ఎర్రగా వెలిగి కాదు పొమ్మంటోంది. ఆవిడే అరగదీత అక్క. నేనెప్పుడూ చూడలేదు గానీ పేరు విన్నాను, ఆ వేలిని చూసే పోల్చుకున్నాను. పెంకుల్ని గాజుపలక మీద గరుకుపొడి వేసి, నీళ్లు చిలకరించి, వేళ్లతో రుద్ది రుద్ది స్లైడ్లు చేసేది ఈవిడే. పాతికేళ్లుగా అదే పని. పెంకులతో పాటు వేలిముద్రలు కూడా అరిగిపోయాయి. “నీ వేళ్లు పనికిరాకుండా పోయాయే” అని నవ్వాడు కిటికీలోంచి గుమాస్తా, సంతకాల పుస్తకం తోస్తూ. “పని చేసే పోయాయి బాబూ. నీవి అలాగే ఉన్నాయేం మరి?” అంది ఆవిడ, సంతకం పెడుతూ. నాకు ఆవిడ అక్కడికక్కడే నచ్చేసింది.

ఫలానా అని చెప్పాను. “ఓ, బొమ్మల మేడమ్ మీరేనా! నా స్లైడ్లు ఎవరింటికి పోతున్నాయో ఇన్నేళ్లకి తెలిసింది” అని నా చెయ్యి పట్టుకుని చూసింది. ఆవిడ వేళ్లు గాజులా నున్నగా ఉన్నాయి. చార సంగతి ఎత్తగానే ఆవిడ మొహం బిగుసుకుంది. “నేను గీరానన్నారు కదూ! సారు పిలిచి చేతులు జాగ్రత్తగా పెట్టమన్నారు. ఏడుపొచ్చింది మేడమ్. పాతికేళ్లలో నా చేతిలో గీత పడలేదు.” చెరిపింది నేనే అని చెప్పాను. చెప్పకుండా ఉండొచ్చు, ఆవిడకి ఎలాగూ తెలీదు. ఆవిడ నన్ను ల్యాబ్‌లోకి తీసుకెళ్లి, బీరువా తెరిచి పైఅరలోంచి ఒక అట్టపెట్టె దించింది. పద్నాలుగు స్లైడ్లూ ఉన్నాయి. అరగదీయగా మిగిలిన పెంకులు కూడా అగ్గిపెట్టెల్లో, ఒక్కోదాని మీద గుడ్డు నంబరూ, పెట్టిన టైమూ. “పారేయమన్నారు. మనసొప్పలేదు” అంది.

“ఇప్పుడు ఈ మిగిలిన పెంకుని ఇంకో వైపునుంచి, అడ్డంగా అరగదీసి చూద్దాం. నా చేతి గీతే అయితే రుద్దిన దిక్కుతో పాటు అదీ అడ్డం తిరగాలి కదా” అని తనే గాజుపలక తీసింది. మధ్యాహ్నానికి స్లైడు తయారైంది. కళ్లు ఆనించాను. చార అక్కడే, అదే ఎత్తులో, అదే వంపుతో ఉంది. “అక్కా, ఉంది” అన్నాను. ఆవిడ వంగి చూసి, “ఉంది” అని, కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, “ఉంది మేడమ్” అంది.

ఇక ఆగలేదు. ఎగ్జిబిషన్ ఆవిడకి ఫోన్ చేసి, ఏడో నంబరు తప్పు బొమ్మ, సరైనది గడువులోపు ఇస్తాను అని చెప్పాను. “తప్పు బొమ్మ అని చెప్పే చిత్రకారులు నాకెప్పుడూ తగల్లేదు” అంది ఆవిడ. “వేయండి, చూద్దాం.” ల్యాబ్‌లో కిటికీ పక్కన అక్క తన బల్లలో సగం ఖాళీ చేసిచ్చింది. ఏడో నంబరు పెంకుని పూర్తిగా, మిగతా పదమూడూ సన్నటి పట్టీల్లా వేయడం మొదలుపెట్టాను. ఇల్లు ఎలా నడిచిందంటే, నడిచింది. అత్తయ్య స్పూనుతో సగం మీద పోసుకుంటూ సగం తిన్నారు. ఈయన రెండు రోజులు అలిగి బయట తిన్నారు. మూడో రోజు కుక్కర్ ఎన్ని విజిల్స్‌కి దించాలని ఫోన్ చేశారు. చెప్పాను. ల్యాబ్ గుమ్మం ముందునుంచి రోజుకి రెండుసార్లు వెళ్తూ లోపలికి చూడనట్టు నటించారు. ఆ నడక చూసి అక్కకీ నాకూ నవ్వాగలేదు.

ఐదో రోజుకి చుక్కల సిరా ఆరడానికి బొమ్మలన్నీ బల్లమీద పరిచాను. నంబర్ల వరసలో కాదు, చోటు చాలక ఎలా కుదిరితే అలా. తొమ్మిది గుడ్లలో చార ఉంది, ఐదు గుడ్లలో లేదు. చార కూడా ఒక్కోదాంట్లో ఒక్కో ఎత్తులో ఉంది. ఇదేం లెక్క అని విసుగొచ్చింది. అగ్గిపెట్టెల మీది టైములు గుర్తొచ్చాయి. పొద్దున పెట్టిన గుడ్డు ఎడమవైపు, ఆ తర్వాతిది పక్కన, అలా సాయంత్రం దాకా మార్చి పరిచాను.

ఏడు గంటలకి పెట్టిన గుడ్డులో చార దాదాపు సగం ఎత్తున ఉంది. ఎనిమిదింటి దానిలో కాస్త కింద. తొమ్మిదిన్నర దానిలో ఇంకా కింద. ఒంటిగంట గుడ్డులో అట్టడుగున, మొగ్గలకి ఆనుకుని. మెట్లు దిగుతున్నట్టుంది. మూడు దాటాక పెట్టిన ఐదు గుడ్లలో అసలు లేదు. కోళ్లన్నీ ఒకే క్షణంలో ఆగాయి. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో అక్కడ ఆగాయి. మూడు తర్వాత పెట్టినవి అప్పటికింకా పెంకు మొదలే పెట్టలేదు. పరుగున ఫామ్‌కి కబురు పెట్టి ఆ ఏటి రిజిస్టరు తెప్పించాం. ఆ గుడ్లు పెట్టడానికి ముందురోజు సాయంత్రం ఏడింటికి పనివాడి రాతలో ఒక వాక్యం ఉంది: ‘గాలికి షెడ్డు రేకులు లేచిపోయినవి, కోళ్లను పట్టుకొని కొత్త షెడ్డుకు మార్చితిమి.’

ఆ వాక్యాన్ని అక్కకి రెండుసార్లు చదివి వినిపించాను. చీకట్లో కాళ్లు పట్టుకుని ఎత్తుకెళ్తుంటే ఆ ప్రాణులు ఎంత బెదిరిపోయాయో. ఆగిపోయాయి. అయితే ఏ గుడ్డూ ఆగినచోటే మిగిలిపోలేదు. చార పైన మళ్లీ స్తంభాలు లేచాయి, అదే గులాబీ, అదే ఆకుపచ్చ, కిందివాటికి ఏమాత్రం తీసిపోకుండా. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నలభై ఎనిమిదేళ్లొచ్చాయి, ఇక నాకేముందిలే అని ఎన్నిసార్లు అనుకున్నానో ఆ కుట్టుమిషను బల్ల ముందు. ఇక అనుకోను అని అప్పుడే, ఆ బల్ల దగ్గరే అనుకున్నాను.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎంతసేపటినుంచో తెలీదు. “ఏంటి పరుగులు? రిజిస్టరు ఎందుకు తెప్పించారు?” అన్నారు. నేను జరిగి చోటిచ్చాను. ముందు కొత్త స్లైడు చూశారు. తర్వాత బొమ్మల వరస, ఎడమనుంచి కుడికి. కళ్లద్దాలు తీసి, పెట్టుకుని, కుడినుంచి ఎడమకి. తర్వాత రిజిస్టరు. ఆ ముఖం నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో గుడ్డు గురించి నాకు చెప్పేటప్పుడు ఇలాగే ఉండేది, చిన్నపిల్లాడి ముఖం. ఎప్పుడు పోయిందో గమనించలేదు.

“గీరుడు కాదు” అన్నారు చివరికి. అక్క వైపు తిరిగి, “నీ చేతిది కాదు” అన్నారు. తప్పయిపోయింది అనడానికి ఆయనకి తెలిసిన దారి అంతే. అక్క, “తెలుసు సార్” అంది.

తర్వాత ఆయన ఉత్సాహం పట్టలేకపోయారు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ, “పెంకులో ఫలానా గంటకి జరిగింది చదవొచ్చన్నమాట! ఇది కొత్త పేపర్. పెద్ద పేపర్. నేను రాస్తాను...” అని నన్ను చూసి ఆగారు. “రాద్దాం” అన్నారు.

“రాద్దాం. ముందు పాతది దిద్దాలి. పత్రికకి ఉత్తరం రాయండి” అన్నాను.

ఆయన మారుమాట లేకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నారు. అది నేను ఊహించలేదు. పైకి చదువుతూ కొడుతున్నారు. “మా వ్యాసంలోని చిత్రంలో ఒక తెల్లని చార పొరపాటున తొలగిపోయినది...”

“తొలగిపోలేదు. తీసేయమన్నది మీరు, తీసేసింది నేను. అలాగే రాయండి. ఇద్దరి పేర్లూ పెట్టండి.”

ఆయన చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. నావైపు తిరిగారు. కోపం లేదు ఆయన కళ్లలో, నిజంగానే నామీద బెంగ ఉంది. “నా పేరు పెడతాను, తప్పు నాదే. నీకెందుకు మధ్యలో? ఇన్నాళ్లకి నీ పేరు అచ్చులో పడుతుంటే మొదటిసారే ఒక తప్పు కింద పడాలా? చూసినవాళ్లు ఏమనుకుంటారు?”

“ఆ బొమ్మ నేను వేశాననుకుంటారు” అన్నాను.